180 ముక్కల బొంత

మా నెల్లూరు వైపు బొంత కప్పుకునేది కాదు, పరుచుకునేది. ఇక్కడి ఎండలకు కప్పుకునే అవసరం ఏడాదిలో ఒక నెల ఉంటే గొప్ప. నవారు మంచం మీద, చాప మీద, పసిపిల్లల కింద, మంచాన పడ్డ పెద్దవాళ్ళ కింద బొంత ఉండేది. నాలుగైదు పాత చీరలు, రెండు పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఈ చివర నుంచి ఆ చివరికి కుట్టుకుంటూ పోతే బొంత అవుతుంది. నా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో రెండు మూడు ఉండేవి. మొన్న మూలాపేటలో మా వీధి అంతా అడిగి చూస్తే ఒక్కరింట్లో ఉంది, అదీ అటక మీద.

అలాంటి బొంత ఒకటి ఏడుగురు స్నేహితురాళ్ళం కలిసి చేత్తో కుట్టాం. 2023 వినాయక చవితి తర్వాత మొదలుపెట్టి 2024 సంక్రాంతి ముందు పూర్తిచేశాం. దాన్ని వేలంపాట పెట్టి, వచ్చిన డబ్బుతో కనిగిరి దగ్గర ఒక పల్లె బడిలో పిల్లలకు మంచినీళ్ళు వచ్చేలా చేశాం. ఎలా కుట్టారు, ఎన్నాళ్ళు పట్టింది అని చాలామంది అడుగుతున్నారు. మేం చేసిన ఒక పెద్ద తప్పు ఇంకొకరు చెయ్యకూడదని కూడా నాకుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. 1988 నుంచి 90 దాకా నెల్లూరులో ఇంటర్ చదువుతూ ఒకే హాస్టల్లో ఉన్నాం. మా గదిలో ఒకే పేరున్నవాళ్ళు ముగ్గురు ఉండటంతో వార్డెనమ్మ అందర్నీ ఊరిపేరుతో పిలిచేది. మాకూ అదే అలవాటైపోయింది. యాభై దాటాక కూడా కోవూరు, అల్లూరు, బుచ్చి, పొదలకూరు, కావలి, కనిగిరి అనే పిలుచుకుంటాం. బుచ్చి అంటే బుచ్చిరెడ్డిపాళెం. నేను మూలాపేట. పెళ్ళిళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఒకరికొకరం కనపడలేదు. వాట్సాప్ వచ్చాక పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం, పండగలకు శుభాకాంక్షలు, అంతే.

మాలో కనిగిరి ఒక్కతే టీచరు. ఆ చవితికి రెండు నెలల ముందు ఒకరోజు రాత్రి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. వాళ్ళ బడిలో నీళ్ళు శుద్ధిచేసే మిషన్ ఉంది గానీ, మోటారు కాలిపోయి, లోపల నీళ్ళను వడగట్టే పొర, మెంబ్రేన్ అంటారు, అది పాడైపోయి ఏడాదిగా మూలపడి ఉంది. పిల్లలు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే తాగుతున్నారు. "కాచి తాగమని చెప్పొచ్చు గదే" అన్నాను నేను. "కాస్తే ఫ్లోరైడ్ పోదే. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కనవుతుంది" అంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొట్టమొదట గుర్తించి డాక్టర్లు రాసింది 1937లో, ఆ పాత నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. అంటే స్వాతంత్ర్యం కంటే ముందు నుంచి తెలిసిన కష్టం ఇది. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మించిన నీళ్ళు చిన్నప్పటి నుంచీ తాగితే ముందు పళ్ళు గారకట్టినట్టు గోధుమరంగు చారలతో వస్తాయి. ఎంత తోమినా పోవు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, నడుములు వంగిపోతాయి. గ్రూప్ ఫోటోకి నవ్వమంటే వాళ్ళ క్లాసు ఆడపిల్లలు పెదాలు బిగించి నవ్వుతారని కనిగిరి చెప్పింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మిషన్ బాగుచేయించడానికి డెబ్బై వేల దాకా అవుతుందని లెక్క తేలింది. తలా పదివేలు వేసుకుంటే అయిపోయేదే. కానీ మాలో ఇద్దరికి పదివేలు అంటే చిన్న మాట కాదు. వాళ్ళను తీసేసి మిగతావాళ్ళం వేసుకుంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. అందరం సమానంగా ఇవ్వగలిగింది ఏముంది అని ఆలోచిస్తే, పాత చీరలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి. బొంత మాట మొదట అన్నది అల్లూరు. "పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాడు వచ్చినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అరడజను చీరలకు ఒక్క గిన్నె ఇస్తాడు. ఆ చీరలు మనమే ఏదైనా చేద్దాం" అంది.

సంక్రాంతికి మా ఇంటర్ బ్యాచ్ అంతా కలుస్తున్నాం అని అప్పటికే అనుకున్నారు. అక్కడ లక్కీ డ్రా పెడదామన్నారు కొందరు. మా కావలి బ్యాంకులో పనిచేస్తుంది. మన రాష్ట్రంలో లాటరీ నిషేధం, టికెట్లు అమ్మి డ్రా తీసే పని పెట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. అయితే వినాయకుడి లడ్డూకి పాడినట్టు పాట పెడదాం అన్నాం.

ఇంతకీ ఏడుగురిలో బొంత కుట్టడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. గుండీ కుట్టడం, జాకెట్టుకు హుక్కులు కుట్టడం వరకే వచ్చు. మా పెద్దమ్మకు వచ్చు. ఆమె వయసు 78, కలిగిరి దగ్గర పల్లెలో ఉంటుంది. దసరాకు మా ఇంటికి తీసుకొస్తాననీ, ఈలోపు ముక్కలు కత్తిరించి జోడించే పని మనం చేద్దామనీ అనుకున్నాం.

బొంత కొలత ఆరడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. కుట్టాక ఆరంగుళాలు తేలే చదరపు ముక్కలు వరసకు పన్నెండు చొప్పున పదిహేను వరసలు, మొత్తం 180. కుట్లలోకి ఒక్కో వైపు అరంగుళం పోతుంది కాబట్టి ముక్కను ఏడంగుళాలకు కత్తిరించాలి. ఆరుగురు తలా 26 ముక్కలు ఇచ్చారు, నావి 24. అట్టతో ఏడంగుళాల చదరం కత్తిరించుకుని, దాన్ని చీర మీద పెట్టి దర్జీ సుద్దతో గీసుకున్నాం. నేత దారం ఎటు పోతుందో చూసుకుని దాని వెంబడే కత్తిరించాలి. ఏటవాలుగా కత్తిరించిన ముక్క సాగిపోతుంది, పక్క ముక్కతో కలవదు. మొదటి ఆదివారం కత్తిరించిన వాటిలో ముప్పై దాకా ఇలాగే పనికిరాకుండా పోయాయి.

చీరలు తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నిజానికి ఆ రోజు కుట్టు పనేమీ జరగలేదు. మా హాల్లో చాప మీద మూటలు విప్పితే, ఒక్కో చీరకు ఒక్కో కథ. పొదలకూరు వాళ్ళమ్మ కట్టిన పాటూరు నూలు చీరలు తెచ్చింది, ఉతికి ఉతికి వెన్నలా అయ్యాయి. అల్లూరు తన పెళ్ళికి పెట్టిన వెంకటగిరి చీర తెచ్చింది. వంద నంబరు నూలు, చెయ్యి కింద పెడితే వేళ్ళు కనిపించేంత పలచన. అలాంటి గుడ్డ ఒంటిగా నిలవదు, వెనక ఇంకో గుడ్డ వేసి కుట్టాలి. జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టేశాం. పరుచుకునే బొంతలో జరీ ఉంటే ఒంటికి గుచ్చుకుంటుంది.

కోవూరు తెచ్చిన చీర గోధుమ వన్నెలో ఉంది. "ఇది అసలు తెల్ల చీర" అంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో వాళ్ళ ఇంట్లోకి నడుములోతు నీళ్ళు వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన వరద అది. వాళ్ళు మేడ మీదికెక్కి రెండు రాత్రులు ఉన్నారు. కిందికి దిగాక ట్రంకుపెట్టె తెరిస్తే వాళ్ళమ్మ చీరలన్నీ బురద. ఎన్నిసార్లు ఉతికినా ఈ ఒక్క చీరకు మాత్రం ఒండ్రు రంగు పోలేదట. అమ్మ అప్పటికే లేదు. "పెన్న రంగు ఉండనీండే, తెల్లగా ఉన్న చోటు వెతికి కత్తిరించబాకండి" అంది. అట్లాగే కత్తిరించాం.

బుచ్చి తెచ్చిన చీర ఎర్రది. మంచి నూలు చీర, దాదాపు కొత్తదే. 2021 మే నెలలో కరోనాతో వాళ్ళాయన పోయాడు. ఆ తర్వాత ఎవరూ కట్టొద్దని నోటితో అనలేదట గానీ, ఎరుపు కట్టిన రోజు బంధువుల చూపులు చూసి తనే మానేసింది. బీరువాలో పెట్టిన చీర అలాగే ఉంది. ఇవన్నీ ఆమె ఆ రోజు చెప్పలేదు. అక్టోబరులో, ముక్కలు జోడిస్తుండగా, తల వంచుకుని సూది లాగుతూ చెప్పింది. మేం ఎవరం తల ఎత్తలేదు. ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకుంటే ఆ మాటలు వచ్చేవి కావని నా నమ్మకం. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఆ నాలుగు నెలల్లో నేను కూడా మా ఆయనకు కూడా చెప్పని సంగతులు రెండు వీళ్ళకు చెప్పాను.

దసరాకు పెద్దమ్మ వచ్చింది. వచ్చిన రోజే మా జోడింపు తిరగేసి చూసింది. "పైన బాగుండాది. కింద దారాలు యాడబడితే ఆడ వేలాడతా ఉండాయి. కాలి వేలికి తగులుకుంటే ఊడొస్తాయి" అని ఒక్కో ముడీ చూపించింది. అవన్నీ సరిచేయడానికి ఒక పూట పట్టింది.

మాకు కుట్టే చట్రం ఏదీ లేదు. పెద్దమ్మ చెప్పినట్టు పాత నవారు మంచం ఒకటి దించి, నవారు మొత్తం విప్పేశాం. మిగిలిన ఖాళీ చట్రమే మా చట్రం. ముందు హాల్లో నేల మీద కింది గుడ్డ పరిచాం. అది కావలి ఇచ్చిన నీలం నూలు చీర, రెండు ముక్కలు చేసి పక్కపక్కన జోడించింది. దాని మీద రెండు పొరలు పాత పంచెలు, ఆ పైన మా 180 ముక్కలు. నాలుగు మూలలా రుబ్బురోలు పొత్రం, రోకలి, రెండు ఇటుకలు బరువు పెట్టి, అరచేతులతో మధ్య నుంచి బయటికి నిమురుతూ ముడతలు తీశాం. తర్వాత జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసి నాలుగు పొరలనూ కలిపాం. ఈ టాకాలు తర్వాత పీకేసేవే, కానీ ఇవి లేకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు. అప్పుడు రెండు వైపుల నుంచీ చుట్టి, మంచం పట్టెలకు నవారుతో కట్టేస్తే మధ్యలో మూడడుగుల గుడ్డ బిగుతుగా నిలిచింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు నేల మీద కూర్చోలేరు కాబట్టి మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, కుర్చీలు వేసుకున్నాం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఏడో మనిషి సూదులకు దారం ఎక్కించి ఇవ్వాలి, కాఫీ చూడాలి.

మధ్య వరస నుంచి మొదలుపెట్టి బయటికి పోవాలి. చివరి నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో ఉబ్బెత్తుగా పోగవుతుంది. వరసకూ వరసకూ మధ్య రెండంగుళాలు. మొత్తం 45 వరసలు, ఒక్కోటి ఆరడుగులు. అంగుళానికి నాలుగు కుట్లు లెక్కేస్తే దగ్గర దగ్గర 13 వేల కుట్లు. ఈ లెక్క కావలి వేసింది. వేసిన రోజు అందరం కాసేపు మాట్లాడలేదు.

దారం మూరెడే తీసుకోమంది పెద్దమ్మ. నేను మాటిమాటికీ ఎక్కించలేక బారెడు తీశాను. "అంత పొడుగు తియ్యబాక పాపా, చిక్కు పడతాది" అంది. పదో కుట్టుకే పడింది. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద రాసి లాగితే మైనం అంటి నున్నగా జారుతుంది. ముడి పైన కనిపించకూడదు. సూది గుచ్చాక దారాన్ని చిన్నగా ఒక్క గుంజు గుంజితే ముడి టుప్పుమని పైగుడ్డ దాటి లోపలికి పోయి పొరల మధ్య ఆగిపోతుంది. ఆ చప్పుడు వినిపిస్తే సరిగ్గా పడినట్టు. నాలుగు పొరల్లో సూది దిగడం లేదని అల్లూరు గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చింది. దిగడం దిగింది, కానీ ఒక్కో కుట్టుకు కందిగింజంత బొక్క. వెంటనే మానేశాం. సన్నసూదే వాడి, నడిమి వేలికి గుడ్డ ప్లాస్టరు రెండు చుట్లు చుట్టుకున్నాం. అయినా మొదటి రెండు వారాలు వేళ్ళ చివర్లు ఫోన్ అన్‌లాక్ కానంతగా గరుకెక్కాయి.

పెద్దమ్మ పది రోజులు ఉంది. సాయంత్రాలు ఆమె మంచం పక్కన కూర్చుని 1992 సంగతులు చెప్పేది. మా జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారన్న మాట ఊరూరూ పాకినప్పుడు ఆమె వయసు 47. రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటోంది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు కూడా సారా బండిని ఊళ్ళోకి రానివ్వకుండా దోవకు అడ్డంగా కూర్చున్నారు. "ఊరికే కూచ్చుంటే ఏంది చేసేది, బొంతలు తెచ్చుకుని కుట్టుకుంటా కూచ్చున్నాం" అంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తర్వాత అదే ఆడవాళ్ళు రోజుకో రూపాయి వేసుకుని పొదుపు సంఘం పెట్టుకున్నారు. పొదుపు లక్ష్మి అని జిల్లా అంతా సాగింది. ఆమె ఆ మొదటి పాసుపుస్తకం ఇప్పటికీ దాచుకుంది. మేం కూడా ఆ పద్ధతే పెట్టుకుని తలా రోజుకు ఐదు రూపాయలు ఒక డబ్బాలో వేశాం. దారం, సూదులు, ప్లాస్టరు, కాఫీ పొడి అన్నీ అందులోంచే. చివరికి కొంచెం మిగిలింది కూడా.

ఆదివారాలు పొద్దున పది నుంచి నాలుగు దాకా కుట్టేవాళ్ళం. నెల్లూరులో ఆదివారం చేపల పులుసు ఉండాల్సిందే, కానీ పసుపు, నూనె చేతులు గుడ్డకు తగలకూడదు. అందుకని మధ్యాహ్నం పెరుగన్నం తిని, సాయంత్రం బొంతకు దుప్పటి కప్పాకే పులుసన్నం. డిసెంబరు 3 ఆదివారం మిగ్‌జాం తుపాను వాన. రెండు రోజుల తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటే దాకా ఇక్కడ కుండపోతే. కరెంటు లేదు, ఎవరూ రాలేదు. నేను ఒక్కదాన్నే మంచం చుట్టూ తిరుగుతూ ఎక్కడైనా గోడ చెమ్మ తగులుతుందేమోనని చూసుకున్నాను. ఎండిన వేపాకు కొమ్మలు కింద పరిచాను. ఆ వారం పోయిన వరసలను తర్వాత మామూలు రోజుల మధ్యాహ్నాల్లో వచ్చి పూర్తిచేశారు.

అందరి కుట్లూ ఒకలా లేవు. పొదలకూరు కుట్లు మిషన్ కుట్టులా ఉంటాయి. కంటి ఆపరేషన్ అయిన కోవూరు కుట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస కూడా కొంచెం పాములా పోతుంది. ఆమె లేనప్పుడు విప్పి మళ్ళీ కుడదామా అని ఒకరన్నారు. నాకు అది అస్సలు నచ్చలేదు. గట్టిగానే చెప్పాను. బలంగా పడిన కుట్టును వంకరగా ఉందని విప్పడం ఆమె కూర్చున్న ఆ పూటను విప్పడమే. ఆ వరసలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

డిసెంబరు 24న చివరి వరస అయిపోయింది. అంచుకు చీర కొంగు పట్టీ మడిచి హెమ్మింగ్ చేసి, టాకాలు పీకేసి, సుద్ద గీతలు పోవాలని ఉతకడానికి పెద్ద టబ్బులో నానబెట్టాం. పది నిమిషాల తర్వాత చూస్తే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

బుచ్చి చీర రంగు వదిలేసింది. ఎర్ర ముక్కల చుట్టూ ఉన్న మీగడ రంగు ముక్కలు, పక్కన తెల్లవి, అన్నీ గులాబీ రంగెక్కాయి. మా అందరి చీరలూ ఏళ్ళ తరబడి ఉతికినవి కాబట్టి రంగు పోయే ప్రశ్నే లేదనుకున్నాం. ఈ ఒక్కటి కొత్తదనే సంగతి తట్టలేదు. ఏ గుడ్డనైనా కత్తిరించకముందే ఒక మూల తడిపి, తెల్ల గుడ్డతో గట్టిగా అద్ది చూడాలి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ చీరను విడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతుకుతూనే ఉండాలి. అప్పటికీ వదుల్తుంటే వాడకూడదు. రెండు నిమిషాల పని. అది చెయ్యనందుకు మూడు నెలల పని మా కళ్ళముందు పాడైంది.

బుచ్చి టబ్బు పక్కన తడి నేల మీదే కూలబడిపోయింది. "నా చీర వల్లే" అంటూ ఏడ్చింది. ఆ ఏడుపు చీర గురించి ఒక్కటే కాదని మాకందరికీ తెలుసు. పొదలకూరు మాత్రం ఏమీ మాట్లాడకుండా నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టింది. మరక ఆరితే పట్టేసుకుంటుంది, తడిగా ఉండగానే పోగొట్టాలి అని ఆమెకు తెలుసు. ఆ రోజు రాత్రి పదింటిదాకా సబ్బు పొడి వేసి నానబెట్టడం, పారబోయడం, మళ్ళీ పట్టడం. తడిసిన బొంత లేపాలంటే నలుగురు కావాలి. మా ఆయన, పక్కింటి అబ్బాయి వచ్చి పట్టారు. తొమ్మిదిసార్లు నీళ్ళు మార్చాక చాలావరకు పోయింది. తెల్లారి మేడ మీద ఆరేసి చూస్తే పదకొండు ముక్కల మీద మరక అలాగే ఉంది.

ఎర్ర ముక్కలన్నీ విప్పి తీసేద్దామని ఒక మాట వచ్చింది. బుచ్చే అంది. మేం ఒప్పుకోలేదు. ఇక వదిలే రంగు వదిలేసింది, ఆ ఎరుపు లేకపోతే బొంతకు కళే లేదు. మరక పడిన ముక్కల మీద ఏదైనా అతుకు వేద్దామని కనిగిరి ఆలోచన. నా ఆకుపచ్చ చీర మిగులు ఉంది. దాంట్లోంచి వేపాకులు కత్తిరించి, అంచు సన్నగా లోపలికి మడిచి, ఒక్కో మరక మీద ఒక్కో రెమ్మ కుట్టాం. ముందు ఆకును విడిగా తడిపి తెల్ల గుడ్డతో అద్ది చూశామని వేరే చెప్పక్కర్లేదు. ఇరవై రోజుల్లో పదకొండు రెమ్మలు. బుచ్చి ఒక్కతే నాలుగు కుట్టింది.

జనవరి 13, భోగి ముందురోజు బ్యాచ్ అంతా కలిశాం. తొంభై మంది దాకా వచ్చారు. బొంతను స్టేజీ మీద వేలాడదీయమన్నారు గానీ, మేం ఒక మంచం తెప్పించి దాని మీద పరిచాం. అందరూ వచ్చి చేత్తో తడిమి చూశారు. ఏ ముక్క ఎవరి చీరో కావలి ఒక కాగితం మీద రాసి పెట్టింది. కనిగిరి మైకు పట్టుకుని ఆ బడి నీళ్ళ గురించి ఐదు నిమిషాలు చెప్పింది. పాట ఐదు వేల నుంచి మొదలైంది. ఇరవై దాకా గబగబా పోయింది. నలభై దాటాక ఇద్దరే మిగిలారు, ఒంగోలు నుంచి వచ్చిన ఒక డాక్టరు, హైదరాబాదులో వ్యాపారం చేసే ఇంకొక ఆవిడ. ఒకటోసారి, రెండోసారి అంటూ అల్లూరు గొంతు వణికిపోయింది. 64,116 రూపాయలకు డాక్టరు పాడుకుంది. ఓడిపోయిన ఆవిడ లేచి వచ్చి, పాట పోయినా నా వంతు ఇస్తానని పదివేలు చేతిలో పెట్టింది. దాన్ని గోడకు తగిలిస్తారా అని ఎవరో అడిగితే, "మా అమ్మ మంచంలో ఉంది. ఆమె కింద పరుస్తాను" అని డాక్టరు చెప్పింది. నాకు అంతకంటే ఏం కావాలి?

ఫిబ్రవరిలో కొత్త మెంబ్రేన్లు, మోటారు, ఫిల్టర్లు వేయించాం. మిగిలిన డబ్బు వచ్చే ఏడాది ఫిల్టర్లకు బ్యాంకులో వేశాం. ఇలాంటి మిషన్లు పెట్టడం కంటే నడపడం కష్టమని కనిగిరి మొదటే చెప్పింది. ఆ నీళ్ళు చూడటానికి ఏడుగురం బస్సెక్కి వెళ్ళాం. ఫ్లోరైడ్ చూసే చిన్న కిట్ ఒకటి ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి కొన్ని చుక్కలు మందు వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్ళు పసుపు రంగులోకి, తక్కువ ఉన్న నీళ్ళు గులాబీ రంగులోకి తిరుగుతాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ముందు బోరు నీళ్ళు పోసింది. పసుపు. తర్వాత మిషన్ కుళాయి కింద గొట్టం పట్టి, చుక్కలు లెక్కపెట్టి వేసి, వెలుతురుకు ఎత్తి చూపించింది.

బుచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఏమే, నా చీర రంగే గదా" అంది.